తెల్ల గీతల వెంట: ఫ్రాన్స్ పల్లె రోడ్ల మీద సైకిల్

అందరికీ నమస్కారం. ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కడం గురించి మాట్లాడమని క్లబ్బువాళ్లు అడిగినప్పుడు ఒక్కటే షరతు పెట్టాను, టూర్ డి ఫ్రాన్స్ గురించి మాత్రం నన్ను అడగొద్దని. ఆల్ప్స్ కొండలూ పసుపు జెర్సీలూ టీవీలో మీరు నాకంటే ఎక్కువే చూసుంటారు. నేను చెప్పబోయేది అరగంటకో కారు వస్తే గొప్ప అనుకునే రోడ్ల సంగతి. అవి ఎందుకు అంత ఖాళీగా ఉంటాయి, ఎలా వెతుక్కోవాలి, అంత ఖాళీగా ఉండటం వల్ల మనకొచ్చే ఇబ్బందులేంటి, అంతే.

ముందు పేరున్న దారుల గురించి రెండు ముక్కలు. ఎవరినడిగినా లువార్ నది వెంట వెళ్లమంటారు. సుమారు 900 కిలోమీటర్లు, అడుగడుక్కీ బోర్డులు, పిల్లలతో వెళ్లేవాళ్లకి అంతకంటే మంచిది లేదు. కానీ జులైలో అక్కడ సైకిళ్ల వరస చూస్తే ప్రశాంతత కోసం వచ్చామన్న సంగతే మర్చిపోతాం. ఇంకోటి కనాల్ ద్యు మిది. 1681లో పూర్తయిన కాలువ, తులూజ్ నుంచి మధ్యధరా సముద్రం వైపు 240 కిలోమీటర్లు. తులూజ్ దగ్గర గట్టు మీద తారు నున్నగా ఉంటుంది, తర్వాత చాలా దూరం మట్టిదారే, పైగా చెట్ల వేళ్లు. సన్నటి టైర్లు వేసుకుని వెళ్తే నడుం విరుగుతుంది. ఫొటోల్లో గట్టు వెంట కనిపించే ప్లేన్ అనే జాతి చెట్ల నీడ కూడా చాలాచోట్ల ఇప్పుడు లేదు. 2006లో వాటికి ఒక బూజు తెగులు సోకినట్టు బయటపడింది, అప్పట్నుంచి వేల చెట్లు కొట్టేస్తూ వస్తున్నారు.

సరే, అసలు విషయానికొస్తాను. ఫ్రాన్స్‌లో మొత్తం రోడ్లు సుమారు 11 లక్షల కిలోమీటర్లు. అందులో మన సైకిల్‌ని రానివ్వని ఎక్స్‌ప్రెస్‌వేలు పన్నెండు వేలో ఎంతో, మిగతాదాంట్లో సగానికి పైగా ఊళ్ల సొంత రోడ్లే. ఊరంటే అక్కడ కమ్యూన్, అలాంటివి దాదాపు 35,000. రెండొందల మంది ఉన్న ఊరికి కూడా ఒక మేయరు, ఒక ఆఫీసు, సొంత రోడ్లు. ఇదంతా నిన్నామొన్నటిది కాదు. 1836లో చట్టం తెచ్చి ఊరూరికీ మధ్య దారులు బాగుచేసే బాధ్యత ఆ ఊళ్లకే అప్పజెప్పారు, అవసరమైతే ఏడాదికి మూడు రోజుల దాకా జనంతో పనిచేయించుకోవచ్చన్నారు, పని చేయనివాడు బదులుగా డబ్బు కట్టొచ్చు. అలా ఎడ్లబండ్లు తిరగడానికి వేసుకున్న దారులే తర్వాత తారు పోసుకుని ఈరోజు మనకి సైకిల్ రోడ్లయ్యాయి. ఈలోగా జనం పట్నాలకి వెళ్లిపోయారు, లారీలు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కేశాయి. రోడ్డు మిగిలింది, తిరిగేవాళ్లు తగ్గిపోయారు. క్రోజ్, లోజేర్ లాంటి జిల్లాలకి వెళ్తే ఇది కళ్లకు కడుతుంది. ఊరి మధ్యలో యుద్ధ స్మారకం ఉంటుంది, దానిమీద 1914 నుంచి 1918 దాకా చనిపోయినవాళ్ల పేర్లు చదువుతూ నిలబడితే, ఇంత చిన్న ఊరికి ఇన్ని పేర్లేంటి అనిపిస్తుంది. అప్పుడు ఊరు చిన్నది కాదు మరి.

జనం తగ్గడం వల్లే ఈ నిశ్శబ్దం వచ్చింది, ఊళ్లో బేకరీ మూతపడటం కూడా అక్కణ్ణుంచే వచ్చింది. ఇది గుర్తుంటే చాలు, మీ ప్లానింగ్ సగం అయిపోయినట్టే.

రోడ్డు ఎలా ఎంచుకోవాలి? ఫోన్‌లో యాప్ ఉంది కదా అంటారు. ఉంది, కానీ యాప్‌కి ట్రాక్టరు దారికీ తారు రోడ్డుకీ తేడా ఒక్కోసారి తెలీదు. నేనైతే ముందు మిషెలిన్ కాగితం మ్యాప్ పరుచుకుంటాను. ఎర్ర రోడ్డు వద్దు. పసుపు రోడ్డు తప్పనప్పుడు. తెల్లగా గీసినవే మనవి. కొన్ని రోడ్ల పక్కన ఆకుపచ్చ అంచు ఉంటుంది, అంటే చూడదగ్గ దారి అని. దాన్ని చూసి మురిసిపోకండి, మోటారు సైకిళ్లవాళ్లూ క్యాంపర్ వ్యాన్లవాళ్లూ కూడా అదే మ్యాప్ కొంటారు, ఆదివారం ఆ శబ్దం భరించలేం. మ్యాప్‌లో రోడ్డు గీతల మీద చిన్న బాణం గుర్తులుంటాయి, మొన ఎటుంటే అటు ఎక్కుడు. ఒక బాణమైతే ఏటవాలు 5 నుంచి 9 శాతం, అంటే వంద మీటర్లు వెళ్తే ఐదు నుంచి తొమ్మిది మీటర్లు పైకెక్కుతాం, రెండైతే 13 దాకా, మూడు కనిపిస్తే ఇంకో దారి చూసుకోండి, బ్యాగులతో ఉన్నప్పుడు మరీను. ఇంకో కిటుకు, నది లోయల్లో ఒక గట్టున పెద్ద రోడ్డు వెళ్తుంటే రెండో గట్టున తరచూ ఒక చిన్న రోడ్డు ఉంటుంది. వంతెన దాటి అటు వెళ్లిపోండి.

ఒక్క దారి మాత్రం వివరంగా చెప్తాను. నైరుతి ఫ్రాన్స్‌లో లోట్ జిల్లా, సెలే అనే చిన్న నది. ఫిజాక్ నుంచి అది లోట్ నదిలో కలిసేచోటు దాకా డి41 రోడ్డు, అటూ ఇటూగా 50 కిలోమీటర్లు. ఫిజాక్ అంటే ఈజిప్టు చిత్రలిపిని చదివిన షాంపోలియన్ పుట్టిన ఊరు, అక్కడ ఒక చిన్న చౌకులో ఆ లిపిని చదవడానికి ఆధారమైన రొజెట్టా రాయి పెద్ద నమూనా నేలంతా పరిచినట్టు ఉంటుంది, దాని మీద నడవొచ్చు. అక్కణ్ణుంచి బయల్దేరితే నీళ్లతో పాటు దిగుతూ పోవడమే, కాళ్లకి పెద్దగా పని ఉండదు. మధ్యమధ్యలో సున్నపురాయి గోడ రోడ్డు మీదికి వంగి ఉంటుంది, దానికింద నుంచి వెళ్తుంటే మన గొలుసు చప్పుడు మనకే తిరిగి వినిపిస్తుంది. తలెత్తి చూస్తే కొండగోడలో మనిషి అందుకోలేని ఎత్తున రాతికట్టడం, కిటికీతో సహా. 14, 15 శతాబ్దాల్లో ఫ్రాన్స్‌కీ ఇంగ్లండ్‌కీ మధ్య జరిగిన నూరేళ్ల యుద్ధం నాటి దాగుడు కోటలవి, ఇంగ్లీషువాళ్ల కోటలని ఇప్పటికీ పిలుస్తారు. మార్సియాక్‌లో మఠం సగం కూలిపోయి ఉంది, పైకప్పు లేని భాగంలో నిలబడి చూడొచ్చు, ఆగకుండా పోకండి. కాబ్రెరె దగ్గర పెష్ మెర్ల్ గుహ. లోపల చుక్కల గుర్రాలు రెండు, వాటి చుట్టూ అరచేతుల ముద్రలు, సుమారు 29,000 ఏళ్ల నాటివి. రోజుకి ఇంతమందే అని పరిమితి ఉంది కాబట్టి వేసవిలో ముందే బుక్ చేసుకోవాలి. గుహకి చేరే ఎక్కుడు చిన్నదే కానీ గట్టిది, సిగ్గుపడకుండా దిగి నడవండి. ఈ లోయ గుండా స్పెయిన్‌లోని శాంటియాగో పుణ్యక్షేత్రానికి నడిచి వెళ్లే యాత్రికుల దారి కూడా ఉంది, అందుకే ఇంత మారుమూలైనా పడుకోవడానికి చవకైన బసలు దొరుకుతాయి.

ఇక తిండి. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి కొట్లు మూసేస్తారు, రెండు దాటాకే మళ్లీ తెరుస్తారు. సోమవారం చాలా బేకరీలకు సెలవు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత ఏమీ ఉండదు, నిజంగానే ఏమీ ఉండదు. కొన్ని ఊళ్లలో డబ్బులేస్తే బ్రెడ్డు పడే మిషన్లు పెట్టారు, అది నయం. పదకొండింటికే మధ్యాహ్నం తిండి కొని బ్యాగులో వేసుకోవడం అలవాటు చేసుకోండి. శాకాహారులకి ఆమ్లెట్ తినే అలవాటుంటే ఫర్వాలేదు, లేకపోతే మేకపాల చీజ్, టమాటాలు, పళ్లు. నేను మాత్రం కారప్పొడి డబ్బా లేకుండా వెళ్లను, వెన్న రాసిన బ్రెడ్డు మీద చల్లుకుంటే దానంత రుచి ఆ దేశంలో ఇంకోటి లేదు. ఫ్రెంచ్ వాళ్ల ముందు ఈ మాట అనకండి. నీళ్లకి శ్మశానానికి వెళ్లాలి. నవ్వకండి, సమాధుల మీది పూలమొక్కలకి పోయడానికి దాదాపు ప్రతి శ్మశానంలో కుళాయి ఉంటుంది, అక్కడి సైకిల్ యాత్రికులంతా అక్కడే సీసాలు నింపుకుంటారు. కుళాయి దగ్గర ‘non potable’ (తాగడానికి పనికిరాదు) అని రాసుంటే మాత్రం తాగొద్దు.

అక్కడ కార్లవాళ్లు మనల్ని దాటేటప్పుడు ఊరి బయట మీటరున్నర, ఊళ్లో మీటరు దూరం వదలాలని రూలు, చాలామంది పాటిస్తారు కూడా. నాకు టెన్షన్ పెట్టేది వేరే. మనం ఎడమవైపు తొక్కడానికి అలవాటుపడ్డ వాళ్లం. ట్రాఫిక్ ఉంటే అందరితో పాటు కుడివైపే వెళ్తాం. ఖాళీ రోడ్డు మీద ఫొటోకోసం ఆగి మళ్లీ ఎక్కినప్పుడు, గుర్తుచేయడానికి ఒక్క బండీ ఉండదు, తెలీకుండానే ఎడమకి వెళ్లిపోతాం, మలుపులో ట్రాక్టరు ఎదురొస్తుంది. హ్యాండిల్‌కి కుడివైపు రంగు టేపు చుట్టుకోండి, చూపుకి తగులుతూ ఉంటుంది. ఇంకోటి, ఊళ్లలో వేరే గుర్తేమీ లేకపోతే కుడివైపు సందులోంచి వచ్చేవాడిదే ముందు హక్కు. వాడు ఆగడు, మనమే ఆగాలి.

మీలో బీఆర్ఎంలు, అంటే ఇన్ని గంటల్లో ముగించాలని గడువుండే దూరపు రైడ్లు తొక్కేవాళ్లు 2027లో పారిస్-బ్రెస్ట్-పారిస్‌కి వెళ్లాలనుకుంటున్నారని తెలుసు. పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగి రావడం, 1,200 కిలోమీటర్లు, తొంభై గంటల్లో. దారిపొడుగునా ఇళ్ల ముందు బల్లలేసి కాఫీలూ నీళ్లూ ఇచ్చే మనుషులుంటారు, ఆ ఆదరణ నిజమే. కానీ ఆ రోడ్లని మీరు చూసేది సగం రాత్రిపూట, నిద్ర కళ్లతో, ముందువాడి వెనక లైటు మీద చూపు పెట్టి. అంత ఖర్చుపెట్టి వెళ్తున్నారు, వీసా ఎలాగూ ఉంది, ఒక వారం అదనంగా ఉంచుకోండి. అది ఆగస్టులో అవుతుంది, తర్వాత సెప్టెంబరు మొదలైతే సెలవులవాళ్లంతా వెళ్లిపోయి ఎండ ఇంకా ఉంటుంది. వేటగాళ్ల సీజను కూడా అప్పుడే మొదలవుతుంది, అడవిదారుల్లో ఆదివారం తుపాకుల మోత వినిపిస్తే మెరిసే జాకెట్ వేసుకోండి.

పారిస్ ఆస్టర్లిట్జ్ స్టేషన్ నుంచి తులూజ్ వైపు రైలు ఎక్కండి, బ్రీవ్‌లో దిగి ఫిజాక్ బండి మారండి, తిరుగు ప్రయాణం కఓర్‌లో ఎక్కొచ్చు. పెద్ద రైల్లో సైకిల్‌కి విడిగా టికెట్ తీసుకోవాలి, జాగాలు కొన్నే ఉంటాయి కాబట్టి మీ టికెట్‌తోపాటే తీసేసుకోండి. చిన్న లైన్లలో పట్టాల పనులుంటే రైలు బదులు బస్సు వేస్తారు, బస్సులో సైకిల్ సాధారణంగా ఎక్కించుకోరు, ముందురోజు ఒకసారి చూసుకోవడం మంచిది. మ్యాప్ తెచ్చాను, ఈ బల్ల మీద పరుస్తున్నాను, ప్రశ్నలున్నవాళ్లు దగ్గరికి రండి, వేలుపెట్టి చూపిస్తేనే తేలిక.