పచ్చటి చేలో కష్టం కనపడేదెలా?

శ్రోతలకు నమస్కారం.

రైతు కష్టం అనగానే మన సినిమాకైనా, నాటకానికైనా, కవితకైనా ముందు తట్టేది ఒకే బొమ్మ. నెర్రెలిచ్చిన నేల, నుదుటిమీద చెయ్యి ఆనించుకుని మబ్బుకేసి చూసే ముసలాయన. అనంతపురానికి ఆ బొమ్మ అతుకుతుంది, కోనసీమకు అతకదు. 1852లో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత ఈ డెల్టాలో రైతుకు నీళ్ళు రాకపోవడం కంటే వచ్చిన నీళ్ళు పోకపోవడమే పెద్ద బెంగ. సార్వా, అంటే వానాకాలపు వరి, కోతకొచ్చేది నవంబరులో. తుపాన్లు వచ్చేదీ అప్పుడే. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ మీద పడింది కూడా సరిగ్గా చేను చేతికొచ్చే రోజుల్లోనే. గాలికి చేను పడిపోతుంది, మురుగు కాలువ లాగదు, నాలుగు రోజులు నీళ్ళలో నానిన కంకి చేలోనే మొలకెత్తుతుంది. ఆ మొలకలు కూడా పచ్చగానే ఉంటాయి. గట్టుమీద నిలబడి ఫొటో తీస్తే అదేదో శుభలేఖ మీద అచ్చు వేసుకోదగ్గ బొమ్మలా ఉంటుంది.

అందుకే ఈ నేల కష్టాన్ని చెప్పాలనుకున్నవాడికి కంటితో పని జరగదు. చేతి పనినీ, కొలతనీ, లెక్కనీ పట్టుకోవాలి. పట్టుకున్నవాళ్ళు ఎలా పట్టుకున్నారు, జారవిడుచుకున్నవాళ్ళు ఎక్కడ జారవిడుచుకున్నారు అన్నదే ఇవాళ్టి మాట.

ముందుగా ఊడ్పుల పాట. సార్వా ఊడ్పుకు సాధారణంగా చెప్పే లెక్క చదరపు మీటరుకు 33 కుదుళ్ళు. ఎకరానికి లెక్క కడితే 1,33,000 పైచిలుకు. ప్రతి కుదురూ ఎవరో ఒకామె నడుము వంచి, ఎడమ చేతిలో నారుకట్ట పట్టుకుని, కుడిచేత్తో రెండు మూడు మొక్కలు తీసి, బొటనవేలు ఆనించి బురదలోకి గుచ్చిందే. ఒక వరుస నాటి అడుగు వెనక్కి వెయ్యాలి. పాట కూడా అలాగే నడుస్తుంది. ముందు ఒకామె చిన్న చరణం అందుకుంటుంది, మిగిలినవాళ్ళు వంత పాడతారు. ఆ వంత వినిపించేంతసేపే ముందామెకు ఊపిరి తీసుకునే వీలు. నడుము వంచి ఉన్నప్పుడు పొట్ట నొక్కుకుపోతుంది, పెద్ద ఊపిరి అందదు. కాబట్టి చరణం పొట్టిగా ఉంటుంది, సాగదీసే రాగం ఉండదు.

స్టూడియోలో అదే పాటను నిటారుగా నిలబడి, మైకు ముందు ఫ్యాను కింద పాడతారు. పల్లవి చివర ‘ఓ’ అని ఆరేడు సెకన్లు సాగదీస్తారు. వినసొంపుగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ దీర్ఘం వినగానే చేలో పనిచేసిన మనిషికి అర్థమైపోతుంది, పాడే ఆమె నడుము వంగి లేదని. దంపుళ్ళ పాటలో ‘సువ్వి’ రోకలి దిగేచోట పడాలి. బరువు లాగే ‘హైలెస్సా’లో బలం చివరి అక్షరం మీద పడాలి. పడవలో పెళ్ళిబృందం ఊగుతున్నట్టు ‘హైలెస్సా’ పాడించిన పాటలు మనకు లెక్కలేనన్ని. వాటిలో తాడు ఎవరూ లాగడంలేదు.

పాట పోరాటంలోకి దిగినప్పుడు ఏం జరుగుతుందో చూడాలంటే రాజమండ్రి దాకా వెళ్దాం. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ళ సత్యనారాయణ గారి ‘మాకొద్దీ తెల్ల దొరతనము’ ఊరూరా మారుమోగింది. ఆయన జైలుకూ వెళ్ళారు. ఆ పాట నోళ్ళలో నలుగుతున్న కాలంలోనే రాజమండ్రి దళిత కవి కుసుమ ధర్మన్న గారు ‘మాకొద్దీ నల్ల దొరతనము’ అన్నారు. మార్చింది ఒక్క మాట. ‘తెల్ల’, ‘నల్ల’ రెండూ ఒక గురువు, ఒక లఘువు. నడక చెక్కు చెదరదు, గొంతు ఎక్కడా తడబడదు. విన్నవాడి నాలుక పాత మాట కోసం సిద్ధమై ఉంటుంది, అక్కడ కొత్త మాట తగులుతుంది. తెల్లవాడు వెళ్ళిపోయినా ఊళ్ళో మా మీద దొరతనం చేసేవాడు ఇక్కడే ఉంటాడు కదా అన్న ప్రశ్నకు పది పేజీల వ్యాసం అక్కర్లేకపోయింది. పేరడీ అంటే నవ్వులాట అనుకునేవాళ్ళు ఈ రెండు పల్లవులనూ ఒకసారి పైకి చదివి చూడాలి.

ఇక పాలేరు సంగతి. ఏడాది కుదురుబాటు మీద ఆసామి దగ్గర పనికి కుదిరే మనిషి. గొడ్లు, పేడ, చేను, కళ్ళం అన్నీ అతనివే, గింజలు మాత్రం కావు. జీతం కుంచాలతో కొలిచేవారు. నాలుగు మానికలు ఒక కుంచం. కుంచం నిండుగా పొయ్యడం, పైన కర్రతో గీసి కొలవడం, ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాలోనే పాలేరు ఇంట్లో ఒక పూట అన్నం ఉంటుంది. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న గారు ‘పాలేరు’ పేరుతోనే నాటకం రాశారు. జాలిపడండి అని అడగడంతో ఆగకుండా పాలేరుతనం మాన్పించి పిల్లవాణ్ణి బడికి పంపండి అన్నది ఆ నాటకం. నాటకం చూసి లేచినవాడికి తెల్లారి చెయ్యాల్సిన పని ఒకటి చేతికొస్తుంది. ఏడిపించి పంపే నాటకాలకు ఆ బలం ఉండదు.

పాలేరు పాత్ర ఎవరు వేసినా దర్శకులు చేసే తప్పు ఒకటుంది. చేతులు కట్టుకుని నిలబెట్టి మాట్లాడిస్తారు. పాలేరు చేతులు ఖాళీగా ఉండవు. మాట్లాడుతూనే పలుపు పేనాలి, ఆసామి పిలిస్తే మాట మధ్యలోనే తాడు వదిలేసి పరుగెత్తాలి. మిగిలిపోయిన ఆ సగం మాట చాలు. ఇంకో డైలాగు రాయనక్కర్లేదు.

బుర్రకథ దగ్గర ఈ ఒడుపు ఇంకో రకంగా ఉంటుంది. నడుమ తంబురా, అందెలతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథ ఏ పల్నాటిదో, ఏ బొబ్బిలిదో అయినా రాజకీయం చెప్పే వంతగాడు మధ్యలో దూరి ఇవాళ్టి బియ్యం ధర అడగొచ్చు. 1940లలో వామపక్ష కళాకారుల సంస్థ ప్రజానాట్యమండలి ఈ వెసులుబాటును గట్టిగా వాడుకుంది, అప్పటి ప్రభుత్వం నిషేధాలూ పెట్టింది. తర్వాత ప్రభుత్వాలే అదే బుర్రకథతో కుటుంబ నియంత్రణ ప్రచారం చేయించుకున్నాయి, అది వేరే వినోదం. ఇందులో చెడేది ఎక్కడంటే, హాస్యగాడికి చప్పట్లు ఎక్కువ పడితే అతను ఆగడు. కథకుడు కరుణ ఎత్తుకోబోయేసరికి జనం ఇంకా నవ్వుతూనే ఉంటారు. అనుభవం ఉన్న దళంలో కథకుడు అలాంటప్పుడు పాట ఎత్తడు. అందెలు ఆపేసి నాలుగు వాక్యాలు మామూలు మాటల్లో చెప్తాడు. చప్పుడు ఆగితే జనం వాళ్ళంతట వాళ్ళే సర్దుకుంటారు.

సినిమాకు వస్తే, 1955 నాటి ‘రోజులు మారాయి’లో కొసరాజు గారి ఏరువాక పాట ఇప్పటికీ జనం నోట ఉంది. జ్యేష్ఠ పున్నమికి తొలి దుక్కి కట్టే ఆనవాయితీ దాని వెనక ఉండబట్టే ఆ పాటకు నేల దొరికింది. 2018లో వచ్చిన ‘రంగస్థలం’ గోదావరి పల్లెను చూపించింది. అందులో హీరో పని ఇంజనుతో చేలకు నీళ్ళు తోడటం, కథ తిరిగేది సొసైటీ అప్పు, వడ్డీ చుట్టూ. అందులో కొట్లాటల కంటే సొసైటీ లెక్కే ఎక్కువ భయపెడుతుందని నా అభిప్రాయం. మిగతా చాలా సినిమాల్లో బురద చెంపమీద బొట్టులా ఉంటుంది. నీళ్ళు పెట్టిన చేను దున్ని దమ్ము చేసిన మనిషికి బురద మోకాళ్ళ దాకా, మోచేతుల దాకా ఉంటుంది. చెంపకు అంటితే భుజంతో తుడుచుకుంటాడు, ఎందుకంటే చేతులు అంతకంటే బురద.

ఇప్పుడు డెల్టా మీద కథ రాయబోయేవాళ్ళకు కౌలు రైతు కావాలి. మాట నోటిమాటే, కౌలు బస్తాల్లోనే. చేను మునిగినా అనుకున్న బస్తాలు ఇవ్వాల్సిందేనని పట్టుబట్టే ఆసాములున్నారు. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు హక్కు కార్డు 11 నెలలకే, దానికి ఆసామి ఒప్పుకోవాలి. ఆసామి అరుగుమీద కూర్చుని, ‘చూద్దాంలేవోయ్, సంతకానికేం తొందర’ అనే దృశ్యం ఒక్కటి సరిగ్గా రాస్తే విలన్ అక్కర్లేదు. ఆయన చెడ్డవాడు కూడా కానక్కర్లేదు, కాఫీ కూడా ఇప్పిస్తాడు.

ఆ తర్వాత ధాన్యం అమ్మకం. 75 కిలోల బస్తా. కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. తడిసిన ధాన్యాన్ని రోడ్డుమీద పరిచి, గంటకోసారి కాలితో తిరగేసి, మబ్బు పట్టగానే కుప్పచేసి బరకం కప్పుతారు. బరకానికి అద్దె, కూలీ మనిషికి కూలి. మూడో రోజు కొనుగోలు గుమస్తా వచ్చి గుప్పెడు గింజలు తీసి తేమ మీటర్లో పోస్తాడు. 19 చూపిస్తుంది. అతను ఏమీ అనడు, కాగితం మీద అంకె వేసుకుని పక్క కుప్పకు నడుస్తాడు. మీటర్లో పోసిన ఆ గుప్పెడు గింజల్నీ రైతు ఒళ్ళో పట్టుకుని మళ్ళీ కుప్పలో పోస్తాడు.