పాలు తోడుకోడం నేదు డాక్టరు బాబూ

యాంకర్: విజయనగరం స్టూడియో నుంచి పాడిరైతులకు నమస్కారం. రాజాం దగ్గర పల్లె నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: దండాలు డాక్టరు బాబూ. మా గేదె పాలు తోడుకోడం నేదు. మూడ్రోజులై తోడేస్తన్నాను, తెల్లారి సూస్తే పాలు పాలలాగే ఉంటన్నాయి.

డాక్టర్: గేదెకి ఏమైనా వైద్యం చేయించారా?

కాలర్: పొదుగువాపొచ్చింది బాబూ. ఊళ్ళోకొచ్చే సూదులబ్బాయి చన్నులో ట్యూబులెక్కించాడు. రెండ్రోజులకి వాపు తీసింది, మానేసాం.

డాక్టర్: కారణం అదే అయ్యుంటుందమ్మా. ట్యూబులో ఉండేది యాంటీబయాటిక్. అది పాలలోకొచ్చి తోడులోని మంచి క్రిముల్నీ చంపేస్తుంది.

కాలర్: బాగా మరగబెడితే పోదా?

డాక్టర్: పోదు. చాలా యాంటీబయాటిక్‌లు మరిగినా పాలలోనే ఉంటాయి. ఒక్క చన్నులో ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ పారబోయాల్సిందే, మందు రక్తంలో కలిసిపోతుంది కనుక. ఆ పాలు ఎన్నాళ్ళు వాడకూడదో మందు డబ్బా మీద చూడండి. రాసి లేకపోతే ఆఖరి మోతాదు నుంచి పాలకి కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. 2012 నుంచి మన దేశంలో ఉన్న నిబంధన ఇది. అయితే మీరు మందు మధ్యలో మానేశారే, నాకు దానికే ఎక్కువ బాధగా ఉంది. చావగా మిగిలిన క్రిములు మొండికెక్కుతాయి. రేపు మీ మనవడికి జబ్బు చేస్తే అదే మందు పనిచేయకపోవచ్చు. మనుషులకు ఆఖరి ఆసరాగా దాచుకునే మందైన కొలిస్టిన్‌ని 2019లో పశువులకీ కోళ్ళకీ చేపలకీ నిషేధించింది ఈ భయంతోనే. పశువుల డాక్టరుకి చూపించి వైద్యం పూర్తి చేయించండి.

కాలర్: గేదె సేపి పాలు దిగాలని ఇంకో సూది కూడా ఇచ్చాడు బాబూ. దూడ సచ్చిపోయినాది కదా.

డాక్టర్: అది ఆక్సిటోసిన్. రోజూ వెయ్యకండమ్మా. దూడ మూతి పెడితే గేదె ఒంట్లో ఊరే హార్మోనే అది. సూదికి అలవాటుపడితే ఇక సూది లేనిదే చేపదు. పాల కోసం పశువుకి హాని చేసే సూదులెయ్యడం 1960 చట్టం ప్రకారం నేరం కూడా. ముందు దాణా పెట్టి, గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి, మెల్లగా నిమరండి. కొన్నాళ్ళు ఓపిక పట్టాలి.

కాలర్: మరి నిన్నటిదాకా కేంద్రంలో పోసిన పాలో?

డాక్టర్: వెళ్ళి చెప్పండమ్మా.

కాలర్: తిడతారు బాబూ.

డాక్టర్: తిట్టినా చెప్పండి. ఆ క్యానులో ఊరందరి పాలూ కలుస్తాయి. వారం రోజుల పాలడబ్బు పోతుందని తెలుసు, అయినా పోయకండి.

కాలర్: మా వీధిలో ఇంకో రెండు గేదెలకీ ఆ ట్యూబులే ఎక్కించాడు. ఆళ్ళకీ సెప్తాను.

డాక్టర్: ఈ సాయంత్రం పాలు పితికేలోపే చెప్పండి.