సీసా మూతను బట్టే బస్సు

నమస్కారమండీ. చెన్నై పెరంబూరులో మా మేడ మీద కూర్చుని మాట్లాడుతున్నాను. మధ్యలో కింద నుంచి హారన్లు వినపడితే సర్దుకోండి.

ఈ మధ్య చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, అట్టతో బస్సు చేశాం, రంగు కూడా బాగానే కుదిరింది. కానీ బస్సులా లేదు, చెప్పుల డబ్బాకి చక్రాలు పెట్టినట్టుంది" అని.

తప్పు రంగులో లేదండీ. మీరు ముందు బాడీ కోసేసి, ఆ తర్వాత చక్రాలు వెతుక్కుంటున్నారు. కొంప మునిగేది అక్కడే. అట్ట ఎంత కావాలంటే అంత కోసుకోవచ్చు, మూతను కోయలేం కదా. అందుకని కొలతలన్నీ చక్రం నుంచే మొదలుపెట్టాలి.

ఇదిగో మంచినీళ్ల సీసా మూత. అడ్డంగా స్కేలు పెడితే 30 మిల్లీమీటర్లు. ఇప్పుడు మాధవరం బస్టాండుకు వెళ్లి, మన ఆంధ్రా వైపు బస్సు ఏదైనా ఆగి ఉంటే దాని టైరు మీద రాసింది చదవండి. పెద్ద బస్సులకు చాలావరకు 10.00-20 అనో, మధ్యలో ఆర్ అక్షరంతోనో ఉంటుంది. ఆ 20 రిమ్ము, అంగుళాల్లో. దానికి పైన పది, కింద పది రబ్బరు. మొత్తం నలభై అంగుళాలు, అంటే మీటరు పైమాటే. అసలు టైరు ఇంకాస్త ఎక్కువే ఉంటుంది, 1050 మిల్లీమీటర్లు అనుకోండి. 30తో భాగిస్తే 35. అంతే, మీ బస్సు స్కేలు 1:35, అంటే అసలు బస్సులో ప్రతి కొలతా 35వ వంతు. పన్నెండు మీటర్ల బస్సు 34 సెంటీమీటర్లకు దిగుతుంది, రెండున్నర మీటర్ల వెడల్పు ఏడు సెంటీమీటర్లు. పక్కన కండక్టర్ని నిలబెడితే ఐదు సెంటీమీటర్లు దాటకూడదు.

అదే మూత ఆటోకి పెట్టారనుకోండి, లెక్కంతా మారిపోతుంది. ఆటో రిమ్ము ఎనిమిది అంగుళాలే, టైరుతో కలిపి పదహారు. అప్పుడు ఆటో దాదాపు 20 సెంటీమీటర్లు వస్తుంది. దాన్ని తీసుకెళ్లి ఈ బస్సు పక్కన పెడితే ఆటోలోకే బస్సు ఎక్కేలా ఉంటుంది! బస్సు పక్కకు ఆటో కావాలంటే ఏడున్నర సెంటీమీటర్లే ఉండాలి, దాని చక్రానికి చొక్కా గుండీ అచ్చుగుద్దినట్టు సరిపోతుంది.

చక్రాల సంగతి ఇంకొంచెం చెబుతాను, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. బస్సుకు వెనకాల ఒక్కో పక్క రెండేసి టైర్లు ఉంటాయి. ముందు చక్రం మధ్యభాగం బయటికి పొడుచుకొచ్చి, వెనక చక్రం లోపలికి గిన్నెలా ఉండటం గమనించారా? మూతతో అది ఉత్తపుణ్యానికి వచ్చేస్తుంది. ముందు చక్రానికి మూత వీపు బయటికి పెట్టండి. వెనక్కి రెండు మూతలు వీపులు ఆనించి పెట్టండి, బయటి దాని బోలు వైపు మనకు కనపడుతుంది. మూత అంచున ఉండే గీతలే టైరు గాట్లు. ఒకే కంపెనీ సీసాల మూతలు ఏరుకోండి, లేకపోతే బస్సు కుంటుతుంది.

ఈ మూతల ప్లాస్టిక్‌కి ఫెవికాల్ పట్టదు, ఫెవిక్విక్ కూడా పట్టినట్టే పట్టి ఊడిపోతుంది. కాబట్టి జిగురును నమ్ముకోకండి. మేకు కాల్చి నడిమధ్యలో రంధ్రం చేసి, సైకిల్ స్పోకు ముక్క గుచ్చండి. ఖాళీ జెల్ పెన్ను రీఫిల్‌లో ఆ స్పోకు వదులుగా తిరుగుతుంది, అదే ఇరుసు. పిల్లలుంటే మేకు కాల్చే పని మాత్రం పెద్దవాళ్లే చేయండి.

ఇరుసులు బాడీకి తగిలించకండి, చాసీకి, అంటే బాడీ కింద ఉండే చట్రానికి తగిలించండి. ఎన్నూరు దారిలో వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, అశోక్ లేలాండ్ వాళ్ల బాడీ లేని చాసీలు రోడ్డెక్కి పోతుంటాయి, డ్రైవరు ముఖానికి గుడ్డ చుట్టుకుని గాల్లో కూర్చున్నట్టుంటాడు. 1948లో మొదలైన కంపెనీ, మనకు అంత దగ్గర్లో ఉంది. రెండు పొడవాటి దూలాలు, మధ్యలో అడ్డకమ్మీలు, నిచ్చెన పడుకోబెట్టినట్టు. మనం కూడా అట్టను మూడు పొరలు అంటించి అలాగే చేద్దాం.

బాడీకి పార్సిల్ అట్ట వద్దు. దాని లోపలి గాడులు బయటికి కనపడతాయి, వంపు తిప్పితే మడతలు పడుతుంది. పెళ్లి శుభలేఖలు తీయండి. మనవాళ్ల శుభలేఖల మందం సంగతి తెలిసిందే కదా, పెళ్లయ్యాక ఎవరింట్లో చూసినా మూలనే పడి ఉంటాయి. "వేస్ట్ నుంచి" అని పేరు పెట్టి రెండు వేల సామాను కొనిపించే వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొనాలంటే ఒక్క చిన్న మోటారు, అదీ నడిపించాలనుకుంటేనే, ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది.

చెన్నై గాలిలో తేమ గురించి వేరే చెప్పాలా? అట్టకు ఒకవైపే రంగు వేస్తే వంకర తిరుగుతుంది. నీళ్లు కలిపిన ఫెవికాల్ లోపలా బయటా పూసి, పూర్తిగా ఆరాకే రంగు ముట్టుకోండి. మైదా జిగురు అసలే వద్దు, వానాకాలంలో బూజుకీ బొద్దింకలకీ విందు భోజనం.

అద్దాలకు కొత్త చొక్కా ప్యాకెట్ ప్లాస్టిక్ చాలు. దాని దగ్గరికి ఫెవిక్విక్ తీసుకెళ్లారో, ఆవిరికి తెల్లగా మసకబారుతుంది. ఫెవికాల్ చుక్కలు పెట్టి రాత్రంతా వదిలేయండి. కిటికీ ఊచలు, హెడ్‌లైట్లకు మాత్రల షీటు బుడగలు ఎలా కోయాలో వచ్చే వీడియోలో చూపిస్తాను. ఈలోపు మీ ఇంట్లో మూతలు కొలిచి ఉంచండి.