బోడి నేల మీద పెరిగిన విశ్వవిద్యాలయం

శ్రోతలకు నమస్కారం. టర్కీ రాజధాని అంకారా నడిబొడ్డు నుంచి ఎస్కిషెహిర్ రహదారి మీద పడమరగా సాగిపోతే ఎడమచేతి వైపు దట్టమైన పైన్ చెట్లు కనిపిస్తాయి. ఆ అడవికి యజమాని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం. దాని పేరు మధ్యప్రాచ్య సాంకేతిక విశ్వవిద్యాలయం. మొత్తం స్థలం సుమారు 4,500 హెక్టార్లు, అంటే మన లెక్కలో 11 వేల ఎకరాల పైమాటే. అందులో 3 వేల హెక్టార్లకు పైగా అడవి ఉంది. 1960 నాటికి ఇక్కడ ఎండకు ఎండి, చలికి బిగుసుకుపోయే అనటోలియా పీఠభూమి తప్ప చెప్పుకోదగ్గ పచ్చదనం లేదు.

విశ్వవిద్యాలయం పుట్టింది మాత్రం ఈ నేల మీద కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పల్లెల నుంచి జనం అంకారాకు వలస రావడంతో కొండవాలుల నిండా గుడిసెలు వెలిశాయి. ఈ ఇళ్ల సమస్యను పరిశీలించడానికి ఐక్యరాజ్యసమితి నిపుణుడిగా వచ్చిన చార్ల్స్ అబ్రమ్స్, బయటి నుంచి సలహాదారులను రప్పించడం కన్నా ఇక్కడే వాస్తుశిల్పులను, నగర ప్రణాళికా నిపుణులను తయారుచేసుకోవడం మేలని సూచించారు. ఆ ఆలోచన 1956లో కార్యరూపం దాల్చి, వాస్తుశిల్ప విభాగంతో చదువు మొదలైంది. తొలి తరగతులు నగరం మధ్యలో ఒక చిన్న భవనంలోనూ, ఆ తరువాత పార్లమెంటు వెనుక ఉన్న తాత్కాలిక షెడ్లలోనూ నడిచాయి. 1959లో ప్రత్యేక చట్టం వచ్చింది. పొరుగు దేశాల విద్యార్థులు కూడా చదువుకోవాలన్న ఉద్దేశంతో బోధనా భాషగా ఇంగ్లీషును ఎంచుకున్నారు. అందుకే ఇంగ్లీషు రాని విద్యార్థి ముందుగా ఒక ఏడాది భాష నేర్చుకున్నాకే అసలు చదువులో అడుగుపెడతాడు.

కొత్త ప్రాంగణానికి రూపం ఇచ్చినవారు బెహ్రూజ్ చినిజి, అల్తూ చినిజి అనే యువ దంపతులు. 1961లో జరిగిన పోటీలో వారి నమూనా గెలిచింది. వాహనాలను వెలుపలి రోడ్డుకు పరిమితం చేసి, నడిచేవారి కోసం ప్రాంగణం మధ్యలో పొడవైన బాటను పరిచి, దానికి అటూ ఇటూ విభాగాల భవనాలను అమర్చారు. గోడలకు పూత పూయలేదు. సిమెంటు పోసినప్పుడు అచ్చుపలకల గుర్తులు ఎలా పడ్డాయో అలాగే వదిలేశారు. వాస్తుశిల్ప విభాగం భవనంలో వేలు పెట్టి తడిమితే ఆ చెక్క గీతలు ఈనాటికీ తగులుతాయి. ఇంత కరుకైన కాంక్రీటు చెట్ల నీడ పడితే తప్ప కంటికి ఇంపుగా ఉండదని నాకు అనిపిస్తుంది.

ఆ చెట్ల వెనుక ఉన్న మనిషి కెమాల్ కుర్దాష్. ఆర్థిక మంత్రిగా పనిచేసి 1961లో రెక్టరుగా, అంటే విశ్వవిద్యాలయ అధిపతిగా, వచ్చిన ఆయన, భవనాలు లేవకముందే మొక్కలు నాటించడం ప్రారంభించారు. విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగులు ఏడాదికొకసారి పారలు పట్టుకుని కొండల మీదికి బయలుదేరేవారు. ఆ పండుగ ఇప్పటికీ సాగుతోంది. విశ్వవిద్యాలయం లెక్క ప్రకారం నాటిన మొక్కలు మూడు కోట్లకు పైనే. ఈ అడవి పెంపకానికి 1995లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం దక్కింది. భవనాలకు ఇచ్చే బహుమతి చెట్లకు రావడం అరుదైన సంగతే.

అయితే ఇదే ప్రాంగణంలో కుర్దాష్ పదవికి గడ్డుకాలం కూడా వచ్చింది. 1969 జనవరి 6న అమెరికా రాయబారి రాబర్ట్ కోమర్ ఆయన ఆహ్వానం మీద భోజనానికి వచ్చారు. కోమర్ అంతకుముందు వియత్నాం యుద్ధంలో పల్లెలను తమవైపు తిప్పుకోవడానికి అమెరికా చేపట్టిన కార్యక్రమానికి నాయకత్వం వహించినవాడు. లోపల విందు సాగుతుండగా బయట విద్యార్థులు ఆయన కారును తిరగేసి తగలబెట్టారు. అమెరికా, ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో నిలబడి, ఇంగ్లీషులో పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయమే అమెరికా వ్యతిరేక ఉద్యమానికి కోట కావడం చరిత్రలోని వింత. ఆ ఏడాది చివరికి కుర్దాష్ పదవి విడిచారు. అంతకు ఏడాది ముందే క్రీడామైదానం మెట్ల మీద విద్యార్థులు 'దెవ్రిమ్' అని, అంటే విప్లవం అని, బృహదక్షరాలతో రాశారు. చెరిపివేసే ప్రయత్నాలు జరిగినా ఆ రాత నిలిచింది, మైదానానికి పేరూ అదే అయింది.

1980 సైనిక కుట్ర తరువాత, 1981లో దేశంలోని విశ్వవిద్యాలయాలన్నీ ఉన్నత విద్యా మండలి అధీనంలోకి వెళ్లాయి. అంతవరకు ఈ విశ్వవిద్యాలయాన్ని నడిపిన స్వతంత్ర ధర్మకర్తల మండలి కథ ముగిసింది. అయినా కొత్తదనంలో వెనుకబడలేదు. 1993 ఏప్రిల్ 12న టర్కీని ఇంటర్నెట్‌తో తొలిసారి కలిపిన సెకనుకు 64 కిలోబిట్ల లైను ఈ ప్రాంగణం నుంచే అమెరికాకు వెళ్లింది.

ఈనాటి విద్యార్థి జీవితం చాలావరకు ఆ నడకబాట చుట్టూనే తిరుగుతుంది. ప్రాంగణం పెద్దది కనుక వచ్చే కారును చెయ్యెత్తి ఆపి ఎక్కడం ఇక్కడ మర్యాదగా చెల్లుతుంది, అందుకు ప్రత్యేకంగా నిలబడే చోట్లు కూడా ఉన్నాయి. సెలవుల్లో ఎయ్మిర్ సరస్సు దగ్గర పడవలు నడుపుతారు, చుట్టూ సైకిళ్లు తొక్కుతారు. వసంతోత్సవంలో పాటల కచేరీలు జరుగుతాయి. పట్టభద్రులయ్యే రోజున దెవ్రిమ్ మైదానంలో ఏలినవారిని ఎద్దేవా చేసే బ్యానర్లు పట్టుకుని ఊరేగడం ఆనవాయితీ. 2018లో ఒక వ్యంగ్యచిత్రం పట్టుకున్నందుకు కొందరు విద్యార్థులు జైలుకు కూడా వెళ్లారు.

అడవికీ గండం తప్పలేదు. 2013 అక్టోబరులో అంకారా నగరపాలక సంస్థ కొత్త రహదారి కోసం రాత్రివేళ యంత్రాలు తెచ్చి చెట్లు కూల్చింది. నిరసనలు చెలరేగాయి, విద్యార్థులు ఆ జాగాలోనే మళ్లీ మొక్కలు నాటారు. కానీ పని ఆగలేదు. మరుసటి ఏడాది రహదారిని ప్రారంభించారు, ఇప్పుడు దాని మీద వాహనాలు తిరుగుతున్నాయి. నమస్కారం.