ఆవర్తన పట్టిక వాల్ చార్ట్ కొనేముందు ఈ గళ్లు చూడండి | రివ్యూ

నమస్తే అండి. ఇంట్లో టెన్త్, ఇంటర్ పిల్లలుంటే గోడకు ఆవర్తన పట్టిక ఉండాల్సిందే. హన్మకొండలో పుస్తకాల షాపుకు పోయి అడిగితే రకరకాల చార్టులు ముందు పెడతరు. ఇప్పుడు టేబుల్ మీద రెండున్నయి. ఒకటి తళతళ మెరిసే లామినేషన్, ఇంకోటి మెరుపు లేని మ్యాట్ కాగితం. పబ్లిషర్ల పేర్లు పక్కన పెడదాం, ఏ చార్టుకైనా ఇవే పరీక్షలు.

ముందు ఏడో అడ్డవరుస కుడి చివర చూడండి. 113 నిహోనియం, 115 మాస్కోవియం, 117 టెన్నెసైన్, 118 ఒగానెసన్. ఈ పేర్లు 2016 నవంబరులో ఖరారైనయి. మెరిసే చార్టులో 113 దగ్గర ఇంకా అన్‌అన్‌ట్రియం అనే ఉంది. పేర్లే మార్చని చార్టులో మిగతా తప్పులు దిద్ది ఉంటరని నమ్మలేం. తర్వాత అడ్డవరుసలు, అంటే పీరియడ్లు లెక్కపెట్టండి: 2, 8, 8, 18, 18, 32, 32. మొత్తం 118 రావాలె. కింద విడిగా ఉండే లాంథనైడ్లు, ఆక్టినైడ్లు 6, 7 పీరియడ్లవే. కాగితం వెడల్పు సరిపోక కిందికి దించిన్రు, అంతే.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తున్న. 29వ గడి, కాపర్. ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే ఏ ఆర్బిటాల్‌లో (ఎలక్ట్రాన్లుండే చోటు) ఎన్ని ఎలక్ట్రాన్లున్నయో చెప్పే లెక్క, 3డి లో 10, 4ఎస్ లో 1 ఉండాలె. మెరిసే చార్టులో 3డి లో 9, 4ఎస్ లో 2 అని అచ్చయింది. ఇది చిన్న తప్పు కాదు. ఎందుకో చెప్త. కాపర్ నుంచి నిలువుగా కిందికి రండి: రాగి, వెండి, బంగారం. 11వ గ్రూపు. మూడింటికీ లోపలి డి ఆర్బిటాళ్లు నిండినయి, బయట ఎస్ లో ఒక్కటే ఎలక్ట్రాన్. మూడూ కరెంటును బాగా పోనిస్తయి, మూడూ సన్న తీగలాగ సాగుతయి. కరీంనగర్ ఫిలిగ్రీలో, అంటే వెండి తీగల అల్లిక పనిలో, వెండిని వెంట్రుకంత తీగ తీయగలుగుతున్నరంటే కారణం ఈ కుటుంబ లక్షణమే. పెంబర్తి ఇత్తడి చూడండి, రాగి 29, జింక్ 30, పక్కపక్క గళ్లు. పరమాణువుల సైజు దగ్గరదగ్గరగా ఉండబట్టి రాగి లోపల జింక్ మంచిగ ఇముడుతది. ఒక్క గడిలో విన్యాసం తప్పు పడితే ఈ నిలువు వరుస కథంతా పిల్లలకు తెగిపోతది. 24వ గడి క్రోమియం కూడా చూడండి: 3డి లో 5, 4ఎస్ లో 1.

ఇంకో మంచి పరీక్ష, 52 టెల్లూరియం, 53 అయొడిన్. పరమాణు భారాలు 127.60, 126.90. భారం ఎక్కువున్నది ముందుంది, అయినా ఇది అచ్చుతప్పు కాదు. 1869లో రష్యా శాస్త్రవేత్త మెండలీవ్ భారం క్రమంలో పట్టిక పేర్చిండు గాని, ఇక్కడ మాత్రం గుణాలకే ఓటేసి అయొడిన్‌ను క్లోరిన్, బ్రోమిన్ కిందనే పెట్టిండు. 1913లో బ్రిటిష్ శాస్త్రవేత్త మోస్లే ఎక్స్-కిరణాలతో కొలిచినప్పుడు అసలు క్రమం పరమాణు సంఖ్యదే, అంటే ప్రోటాన్ల లెక్కదే అని తేలింది. ఎంత ధైర్యమండీ మెండలీవ్‌ది!

బాణాల సంగతి. ఎడమ నుంచి కుడికి పరమాణు సైజు తగ్గుతది, అయనీకరణ శక్తి (పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగేయడానికి కావాల్సిన శక్తి) పెరుగుతది అని రెండు చార్టుల్లోనూ గీసిన్రు. సరైందే. కాని అయనీకరణ శక్తి బెరీలియంకు 899, బోరాన్‌కు 801 కిలోజౌల్స్, మోల్‌కు. నైట్రోజన్ 1402, ఆక్సిజన్ 1314. రెండుచోట్లా బాణం తిరగబడ్డది. బెరీలియంకు నిండిన 2ఎస్, నైట్రోజన్‌కు సగం నిండిన 2పి స్థిరత్వాన్ని ఇస్తయి. ఈఏపీసెట్‌లో (పాత పేరు ఎంసెట్) అడిగేది ఇసొంటివే. మ్యాట్ చార్టులో ఈ అంకెలు గడిలోనే ఉన్నయి, అందుకే నాకు నచ్చింది.

రంగుల దగ్గర ఒక మాట. ఘన, ద్రవ, వాయు రంగులు 25 డిగ్రీల లెక్కన వేస్తరు. గాలియం 29.8 డిగ్రీలకు, సీజియం 28.5 డిగ్రీలకు కరుగుతయి. చార్టులో రెండూ ఘనమే. 40 దాటే వరంగల్ మే నెలలో సీసాలో గాలియం నీళ్లలా కదులుతది. మ్యాట్ చార్టులో "25 డిగ్రీల వద్ద" అని కింద రాసిన్రు, మెరిసేదాంట్లో లేదు. టెక్నీషియం 43, ప్రొమీథియం 61 దగ్గర భారం బ్రాకెట్లో ఉండాలె. వాటికి స్థిరమైన ఐసోటోపే (అదే మూలకంలో భారం వేరైన రూపం) లేదు, బ్రాకెట్లోది ద్రవ్యరాశి సంఖ్య.

కాగితం విషయం తొందరగ చెప్త. ట్యూబ్‌లైట్ కింద లామినేషన్ మెరిసి సగం గళ్లు కనపడవు. పది అడుగుల దూరంలో నిలబడి పరమాణు సంఖ్య చదవగలిగితేనే తీసుకోండి. తడి గోడకు అతికించకండి, కింద ఒక సన్న కర్ర పెట్టి వేలాడదీయండి.

ఈ రెండింటిలో మ్యాట్‌దే కొనండి. మెరిసేది ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయొద్దు, 29వ గడిని పెన్నుతో దిద్దండి, 113, 115, 117, 118 పేర్లు చీటీ రాసి అతికించండి.