టర్నర్ అవుటా, కాదా? గేమ్ 7కు ముందు స్టూడియో చర్చ

(2019 అక్టోబర్ 30, హ్యూస్టన్. అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్‌కు కొన్ని గంటల ముందు జరిగిన చర్చ. ఒకరి మాట మీద ఒకరు మాట్లాడిన చోట వినబడినంత వరకే రాశాం.)

యాంకర్: నమస్కారం. నిన్న రాత్రి ఆరో మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్. వాషింగ్టన్ జట్టు నేషనల్స్ హ్యూస్టన్ మీద 3-2తో ముందున్నారు, ఫస్ట్ బేస్ (బ్యాటర్ పరుగెత్తి చేరాల్సిన మొదటి మజిలీ) మీద వాళ్ల ఆటగాడు యాన్ గోమ్స్. నేషనల్స్ బ్యాటర్ ట్రే టర్నర్ కొట్టిన బంతి మెల్లగా దొర్లింది, అతను ఫస్ట్ బేస్‌కు పరుగెత్తాడు. హ్యూస్టన్ పిచర్ (బ్యాటర్‌కు బంతి వేసేవాడు) పీకాక్ అందుకుని ఫస్ట్ బేస్‌కు విసిరితే టర్నర్ కాలికి తగిలి పక్కకు పోయింది. అంపైర్ శామ్ హోల్‌బ్రూక్ టర్నర్‌ను అవుట్ ఇచ్చి, గోమ్స్‌ను మళ్లీ ఫస్ట్ బేస్‌కు పంపారు. నా ప్రశ్న ఒక్కటే, రీప్లే ఎందుకు చూడలేదు? అంపైర్ గారూ, మీరు చెప్పండి.

అంపైర్: నేను పిల్లల లీగుల్లో అంపైరింగ్ చేస్తానండీ. అక్కడా ఇదే రూల్. హోమ్ ప్లేట్, అంటే బ్యాటర్ ఆడే చోటు నుంచి ఫస్ట్ బేస్‌కు 90 అడుగులు. చివరి 45 అడుగుల్లో ఫౌల్ గీత (ఆట హద్దు గీత) బయట 3 అడుగుల దారి గీస్తారు. ఆ దారిలో లేకుండా పరుగెత్తి, బంతి పట్టేవాడికి అడ్డమైతే...

కోచ్: అడ్డం ఎక్కడయ్యాడండీ? తిన్నగా పరుగెత్తాడు!

అంపైర్: తిన్నగానే. కానీ గీత లోపలి నుంచి.

కోచ్: ఒక్క నిమిషం. (బల్ల మీద పెన్ను పెట్టి, దానికి ఆనించి టీ కప్పు పెట్టారు) ఈ పెన్ను ఫౌల్ గీత. కప్పు బేస్. కప్పు ఎటుంది? గీత లోపల. పరుగెత్తాల్సిన దారి ఎటుంది? బయట. బేస్ ఒకవైపు పెట్టి, దారి ఇంకోవైపు గీసి, బేస్ తొక్కబోయినవాణ్ణి అవుట్ అంటారా? పైగా టర్నర్ కుడిచేతి బ్యాటర్. ప్లేట్‌కు థర్డ్ బేస్ వైపు నిలబడతాడు. అక్కణ్ణుంచి బయల్దేరినవాడు గీత లోపలే ఉంటాడు కదా!

అంపైర్: చివరి అడుగు లోపలికి వేయొచ్చని రూల్‌లోనే ఉందండీ. ఇతను మొదటి నుంచీ...

యాంకర్: అందుకే రీప్లే అంటున్నా.

అంపైర్: దీనికి రీప్లే లేదండీ. అంపైర్ విచక్షణకు వదిలిన నిర్ణయం.

యాంకర్: మరి అంపైర్లు నాలుగు నిమిషాలకు పైగా హెడ్‌సెట్‌లో ఏం మాట్లాడారు?

అంపైర్: నేషనల్స్ ప్రొటెస్ట్, అంటే అధికారికంగా ఫిర్యాదు చేస్తామన్నారు. అందుకు వీలుందో లేదో కనుక్కున్నారు. లీగ్ అధికారి జో టోరీ మ్యాచ్ అయ్యాక చెప్పారు.

వ్యాఖ్యాత: నన్నూ మాట్లాడనివ్వండి. నేను క్రికెట్ మనిషిని. ఫీల్డింగ్‌కు అడ్డుపడితే మా దగ్గర కావాలని చేశాడా అని చూస్తారు. 2015లో లార్డ్స్‌లో బెన్ స్టోక్స్...

యాంకర్: థర్డ్ అంపైర్ చూశారు కదా! నేనన్నదీ అదే.

వ్యాఖ్యాత: చూశారు, అవుటే ఇచ్చారు. ఆ గొడవ మాత్రం ఆగలేదు. టీవీ పెట్టినంత మాత్రాన వాదన తీరదండీ. టర్నర్‌ది కావాలని చేసిన పని కాదు. ఆ ప్రశ్నే ఈ రూల్‌లో లేకపోవడం...

కోచ్: 1975 వరల్డ్ సిరీస్ చూడండి! సిన్సినాటిలో మూడో మ్యాచ్, పదో ఇన్నింగ్స్. బ్యాటర్ ఆర్మ్‌బ్రిస్టర్ బంట్ కొట్టి (బంతిని మెల్లగా తాకించి) క్యాచర్ (ప్లేట్ వెనక ఉండేవాడు) ఫిస్క్‌ను ఢీకొన్నాడు. అంపైర్ బార్నెట్ కావాలని చేయలేదంటూ వదిలేశారు. మనిషి మనిషిని గుద్దితే తప్పు కాదట, బంతి వచ్చి కాలికి తగిలితే అవుటట!

అంపైర్: రెండూ వేరు. అక్కడ ఢీకొన్నది బంతి అందుకునే దగ్గర. ఇది విసిరిన బంతి. ఈ దారి గీయకపోతే ప్రతివాడూ బంతి వచ్చే వైపే పరుగెత్తుతాడు, ఫస్ట్ బేస్‌మ్యాన్ చెయ్యి విరుగుతుంది. నిన్న హ్యూస్టన్ ఫస్ట్ బేస్‌మ్యాన్ గురియెల్ గ్లవ్ ఊడిపోయింది, చూశారా?

కోచ్: ఊడింది, నిజమే. మా గ్రౌండ్‌లో రెండో ఇన్నింగ్స్‌కే సున్నం గీత చెరిగిపోతుంది సార్. కనబడని దారిలో పరుగెత్తమని పిల్లలకు ఎలా చెప్పను? ‘మరి బేస్ ఇటుంది కదా కోచ్’ అంటే నా దగ్గర జవాబు లేదు. బేస్ ఉన్నవైపూ దారి ఇవ్వండి!

యాంకర్: కోచ్ గారి మాటలో బలం ఉంది. అయినా తర్వాత నేషనల్స్ బ్యాటర్ రెండన్ హోమర్ (బంతిని మైదానం దాటించే దెబ్బ) కొట్టాడు, వాళ్లు 7-2తో గెలిచారు. ఈ సిరీస్‌లో ఆరు మ్యాచ్‌లూ బయటి ఊరి నుంచి వచ్చిన జట్టే గెలవడం...

వ్యాఖ్యాత: రూల్ సంగతి ఇంకా తేలలేదండీ.

కోచ్: గెలిచారు కాబట్టి సరిపోయిందా? నేషనల్స్ మేనేజర్ మార్టినెజ్‌ను బయటికి పంపేశారు! ఓడి ఉంటే? (బల్ల మీద కొట్టారు, టీ ఒలికింది)

అంపైర్: మేనేజర్ కోపం అర్థం చేసుకోగలను. కానీ ఉన్న రూల్ ప్రకారం హోల్‌బ్రూక్...

యాంకర్: సమయం అయిపోయింది. కోచ్ గారూ, ఒక్క మాటలో?

కోచ్: బేస్ ఎటుంటే దారీ అటే.

అంపైర్: నేనూ ఒక్క మాట...

యాంకర్: బ్రేక్ తర్వాత గేమ్ 7 అంచనాలు.