రింగు ఎందుకు కిందికొచ్చింది?

స్టేజీ మీది సార్లకు, ముందు వరుసలో కూసున్న నా పాత పిల్లలకు (తలలు నెరిసినా నాకు పిల్లలే) నమస్కారం.

మన బాస్కెట్‌బాల్ కోర్టు బాగు చేయిద్దామని కమిటీ అనుకుంటున్నది కదా, నిన్న పొద్దున టేపు పట్టుకొని అక్కడికి పోయిన. రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తు ఉండాలె. 1891లో అమెరికాలో నైస్మిత్ సారు పదడుగుల ఎత్తున పండ్ల బుట్ట కొట్టిన కాడి నుంచి ఆ లెక్క మారలేదు. మన రింగు 2.93 వచ్చింది. రింగు దిగలేదు, నేల లేచింది. పగులు వచ్చినప్పుడల్లా పైన ఇంకో పొర కాంక్రీటు పోసుకుంట వచ్చినం. అందులో ఒక పొర నేను పీడీగా (ఆటల సారుగా) ఉన్నప్పుడు పోయించిందే.

పగుళ్లు ఎందుకొచ్చినయి? అడుగున నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతది, ఎండితే నోరు తెరుస్తది. రైతుబిడ్డలు, మీకు నేను చెప్పాల్నా? హాస్టల్ డాబా మీది నీళ్లన్నీ కోర్టు మూలకే వస్తయి. నల్లగొండలో నీళ్లు లేవని లోకమంతా అంటది, మన కోర్టులో మాత్రం వానాకాలమంతా కప్పల టోర్నమెంటే.

కమిటీ రాసిన ఎస్టిమేటు చూసిన. రింగు వెనక గ్లాసు బోర్డులు, ఎల్‌ఈడీ లైట్లు, చెక్క నేల. బోర్డులు పెట్టుకోండి, కాదనను. చెక్క నేల మాత్రం వద్దు. దానికి మూసిన హాలు, గాలిలో తేమ అదుపు కావాలె. మన మే ఎండకు చెక్క విడిపోతది, వానలకు ఉబ్బుతది. ఏసీ బిల్లు ఎవరు కడతరు?

ముందు కాలువ తవ్వాలె. తరువాత పాత పొరలన్నీ పగలగొట్టి, రేగడి తీసి, మొరం పోసి, రోలర్ తొక్కించి, కొత్త స్లాబు. ఆ పైన రేకుల కప్పు, పక్కలు తెరిచే ఉంచాలె, పావురాలకు వల. కప్పు ఎత్తు ఏడు మీటర్లకు తగ్గొద్దు. కోర్టు 28 ఇంటు 15 కదా అని స్తంభాలు ఆ గీత మీదనే లేపొద్దు. చుట్టూ రెండేసి మీటర్లు ఖాళీ ఉండాలె, అంటే లోపల 32 ఇంటు 19. ఒక కాలేజీలో సైడ్ లైన్ మీదనే స్తంభం లేపి, దానికి పాత పరుపు చుట్టిన్రు. నా కండ్లతో చూసిన.

గీతలు కూడ పాతవే. మూడు పాయింట్ల గీత (దాని అవతలి నుంచి వేస్తే మూడు, లోపలి నుంచి వేస్తే రెండు) 2010లో 6.25 మీటర్ల నుంచి 6.75కు జరిగింది, రింగు కింద గీసే డబ్బా కూడ దీర్ఘచతురస్రమైంది. ఇక్కడ మూడు పాయింట్లు కొట్టిన పిల్లగాడు యూనివర్సిటీ పోటీలకు పోతే అదే షాటుకు రెండే ఇస్తరు.

ఆట చూసేటోళ్లు కూసునే బండల మెట్లు తీసేద్దామంటున్నరు. వాటికేమైంది? ఆ పైసలతో అమ్మాయిలకు బట్టలు మార్చుకునే గది, బాత్రూం కట్టుండ్రి. ఇప్పుడు హాస్టల్‌లోనే డ్రెస్సు వేసుకొని పైన చున్నీ కప్పుకొని వస్తున్నరు.

బోర్డు మీద, మెట్ల మీద, కప్పు మీద పేర్లు రాయించుకుంటమని దాతలు ఫోన్లు చేస్తున్నరట, సంతోషం. కాలువకు మాత్రం ఎవరూ అడగలేదట. నా ఒక నెల పింఛను రాసుకోండి. పేరు వద్దు, మృగశిర కార్తె లోపల పని అయితే చాలు.